ఎస్తేరు కుడి మోకాలు

దాదాపు ఇరవై ఏళ్ళుగా నన్నెవరూ ఒక ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్నేమో. అడగలేదు కాబట్టి ఆ అవసరం కూడా రాలేదు. అదే నా బరువు. నోటితో ఒక్క అబద్ధం ఆడకుండా ఇన్నేళ్ళు అబద్ధంలో బతకొచ్చని నేను కనిపెట్టాను. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. గుళ్ళో నిలబడి కళ్ళు మూసుకున్నప్పుడు కూడా ఆ ఒక్క సంగతి దగ్గరికి రాగానే మనసుని పక్కకి మళ్ళించేదాన్ని. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. చివరిదాకా వినండి చాలు.

నేను భీమవరంలో ఒక స్కూల్లో ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతాను. నా పేరు వద్దు. ఆమె పేరు కూడా అసలుది రాయను. ఎస్తేరు అని పిలుచుకుంటాను. ఈ పేరు ఆమెకి నప్పుతుంది.

మాది రామచంద్రపురం దగ్గర ఊరు. నాన్నకి వరి పొలం, కొబ్బరి తోట ఉండేవి. నన్ను డిగ్రీలో చేర్చినప్పుడు ఆడపిల్లకి ఆటలేంటని నాన్న అనలేదు గానీ, ఆడుతుంటే వచ్చి చూడనూ లేదు. నేను ఎడమ మూల ఆడేదాన్ని. కబడ్డీ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కూతకొచ్చే మనిషి మన కోర్టులోకి వచ్చి, ఊపిరి తియ్యకుండా ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ, మనలో ఎవరినైనా తాకి మధ్యగీత దాటి వెనక్కి వెళ్ళిపోవాలి. వెళ్ళనివ్వకుండా పట్టుకోవడం మా పని. మూలల్లో ఉండేవాళ్ళం కాళ్ళు పడతాం. కూతకొచ్చిన మనిషి కాలు కొంచెం లోపలికి వేయగానే పాముకాటంత వేగంగా కిందకి వంగి చీలమండ అందుకుని వెనక్కి లాగడం. అది నా పట్టు. ఆ పట్టు మీద నాకు చాలా గర్వం ఉండేది.

ఎస్తేరుది సామర్లకోట వైపు. వాళ్ళమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే మనిషి. నాన్న లేడు. ఎస్తేరు కూతకి వెళ్ళేది. ఆమె కూత ఎలా ఉండేదో మీకు ఎలా చెప్పను? మిగతావాళ్ళం కూత అంటే గబగబా గుక్క తిప్పుకోకుండా అరిచేసేవాళ్ళం. ఆమె అరిచేది కాదు. ఆదివారం ఆదివారం చర్చిలో పాటలు పాడి పాడి ఊపిరి ఎంత కావాలో, ఎక్కడ వాడాలో ఆమెకి వచ్చేసింది. ఒకే శ్రుతిలో, తొందర లేకుండా, దూరంగా ఎవరో రోట్లో నూరుతున్న చప్పుడులా ఆ మాట నడుస్తూ ఉండేది. అది వింటుంటే పట్టుకోవాల్సిన వాళ్ళకి నిద్ర ముంచుకొచ్చినట్టు అయ్యేది. అంతలో కాలు మెరిసేది. ఎవరో ఒకరు అవుట్.

ఇంకో సంగతి. నేను మొదటిసారి ఆమెని చూసిన మ్యాచ్‌లో, మా అమ్మాయి వేలు ఆమె జడకి తగిలిందో లేదో ఎవరికీ తెలియని ఒక గొడవ వచ్చింది. తర్వాత ఇంకొకటి. గీత దాటి బయటికి ఆమె కాలు పడింది. రిఫరీ చూడలేదు. మేమూ చూడలేదు. ఆమె చెయ్యెత్తి, “నా కాలు బయట పడిందండి,” అని చెప్పి తనంతట తనే బయటికి వెళ్ళి కూర్చుంది. వాళ్ళ టీమ్ వాళ్ళు తలలు పట్టుకున్నారు. నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. ఏం మనిషి ఇది? ఓడిపోతామని భయం లేదా? భయం ఉంది. గెలవాలనే ఆశ మాకన్నా ఆమెకే ఎక్కువ. అది తర్వాత తెలిసింది.

ఆ ఏడాది జిల్లా జట్టు క్యాంపులో ఇద్దరం ఎంపికయ్యాం. కాకినాడలో ఒక హాస్టల్లో పెట్టారు. చాపలు పక్కపక్కనే పడ్డాయి. మా అమ్మ నా కోసం విడిగా క్యారేజీ పంపేది, అక్కడి తిండి పడదని. పైకి చెప్పని ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు, ఎస్తేరుకీ తెలుసు. ఆమె మాత్రం వాళ్ళమ్మ పెట్టిన ఎండు రొయ్యల పొడి సీసా తెచ్చి నా ముందు పెట్టి, “తిని చూడవే, మీ అమ్మకి చెప్పకులే,” అని నవ్వింది. నేను తిన్నాను. ఆ రోజు నుంచి క్యారేజీ ఇద్దరిదీ, సీసా ఇద్దరిదీ అయ్యాయి.

అంత దగ్గరి స్నేహితురాలు నాకు మళ్ళీ దొరకలేదు. ఇది రాయడానికి నాకు హక్కు ఉందో లేదో తెలియదు.

అప్పట్లో ఎస్తేరు ఎడమ మోకాలికి ఎప్పుడూ ఒక గోధుమరంగు కేప్, సాగే పట్టీ లాంటిది, ఉండేది. ఆ కాలు బాగోలేదని జిల్లాలో ఆడేవాళ్ళందరికీ తెలుసు. అందరూ ఆ కాలి మీదే పడేవాళ్ళు. పడి దొరక్క లేచేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తుంటే నేను కుళాయి దగ్గర కంచం కడుక్కుందామని వెళ్ళాను. ఎస్తేరు గట్టు మీద కూర్చుని కుడి మోకాలికి తడిగుడ్డ చుట్టుకుంటోంది. కేప్ తీసేసి పక్కన పెట్టింది. కుడి మోకాలు వాచి ఉంది.

“ఇదేంటే?” అన్నాను. “దెబ్బ ఎడం కాలికి కదా?”

ఆమె ముందు ఉలిక్కిపడింది. నన్ను చూసి నవ్వేసింది.

“ఎడం కాలికేం? గిత్తలాగుంది. దెబ్బ దీనికే. మొన్న తీర్థంలో పోటీలప్పుడు పడ్డాను కదా, అప్పుడు.”

“మరి కేప్?”

“కేప్ దానికి. వచ్చినోళ్ళంతా కేప్ చూసి దాని మీద పడతారు. పడనీ. అది ఒక్క తాపు తంతే ఆళ్ళే ఎగిరి పడతారు.”

“మోసం కదే అది?”

“కేప్ నాది, కాలు నాది. ఏ కాలికేసుకోవాలో రూల్స్‌లో ఉందేంటి?” అని మళ్ళీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆమె పక్కన కూర్చుని గుడ్డ పిండి ఇచ్చాను. అడిగాను, మరీ నొప్పిగా ఉందా అని.

“ఎనక్కి లాగితే ఏమవ్వదే. తట్టుకుంటాను. పక్కకి తిరిగిందంటేనే... ప్రాణం అక్కడే పోద్ది.” గుడ్డ మళ్ళీ బిగించింది. “అమ్మకి తగ్గిపోయిందని చెప్పాను. తెలిస్తే ఆడనివ్వదు. ఈ ఒక్క ఏడాదే కదా, రైల్వే వాళ్ళ సెలెక్షన్ అయిపోతే తర్వాత చూపించుకుంటాను. నీకొక్కదానికే చెప్పాను. ఎవరితో అనకే.”

అనను అన్నాను. నిజానికి ఎవరితోనూ అనలేదు. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాను. చూశారా, నా నిజాయితీ!

క్యాంపు అయిపోయింది. జిల్లాకి కలిసి ఆడాం. తర్వాత రాజమండ్రిలో కాలేజీల పోటీలు వచ్చాయి. ఫైనల్లో మా కాలేజీ, వాళ్ళ కాలేజీ ఎదురుపడ్డాయి.

ఆ రోజు నాన్న వచ్చారు. మొదటిసారి. తెల్ల చొక్కా వేసుకుని, ఊళ్ళో ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మా మాస్టారు మ్యాచ్‌కి ముందు నన్ను పక్కకి పిలిచి, ఎస్తేరుని ఆపితే కప్పు మనదే, ఆపేది నువ్వే అన్నారు. ఆయనకి ఏ కాలు సంగతీ తెలియదు. ఆయన తప్పేమీ లేదు. తప్పుని పంచుకోవడానికి మనుషుల కోసం చాలాసార్లు వెతికాను. ఎవరూ దొరకలేదు.

అప్పట్లో మ్యాట్లు లేవు. మట్టి కోర్టు. దున్ని, నీళ్ళు చల్లి, ఊక కలిపి మెత్తగా చేసి సున్నంతో గీతలు గీసేవాళ్ళు. కోర్టులోకి దిగేముందు ఎస్తేరు నా దగ్గరికి వచ్చి నా జడ బిగించి కట్టింది. వదులుగా ఉంటే నీ కళ్ళల్లో పడుద్దే అంది. తర్వాత తన వైపు వెళ్ళిపోయింది.

మీరు నమ్ముతారో లేదో, ఆ కాలి జోలికి వెళ్ళకూడదనే అనుకున్నాను. అనుకుని దిగాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే కాస్త ముచ్చటేసింది కూడా. ఆట సాగుతోంది. ఆమె కేప్ ఉన్న ఎడమకాలిని ఎరలా ముందుకి వేసేది. మావాళ్ళు దూకేవాళ్ళు. నేను కూడా, తెలిసి కూడా, ఆ ఎడమకాలే పట్టాను. ఆమె చెప్పింది నిజమే. ఆ కాలు నన్ను ఈడ్చుకుంటూ మధ్యగీత దాకా తీసుకెళ్ళింది. మట్టి నోట్లోకి వెళ్ళింది. జనం నవ్వారు. లేచి చూస్తే నాన్న తల వంచుకుని చేతి గడియారం చూసుకుంటున్నారు. టైము చూసుకున్నారేమో. నాకు మాత్రం ఇంకోలా అనిపించింది.

మ్యాచ్ చివరికొచ్చింది. స్కోరు సమంగా ఉంది. ఎస్తేరు కూతకొచ్చింది. ఆమె ఎవరినైనా తాకి వెళ్ళిపోతే వాళ్ళు గెలుస్తారు. పట్టుకుంటే మేం గెలుస్తాం. ఆ శ్రుతి మొదలైంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. నేను ఎడమ మూల. ఎదురొచ్చే మనిషి కుడికాలు నా వైపు ఉంటుంది. ఆమె ఎడమకాలిని దూరంగా చాచి అవతలి మూలలో అమ్మాయిని తాకింది. తాకడానికి ఒళ్ళంతా అటు వాలింది. కుడికాలు ఒక్కటే నా ముందు నేలలో పాతినట్టు ఉండిపోయింది.

పట్టాను.

ఇక్కడిదాకా ఆటే. చీలమండ పట్టడం ఆటలో ఉంది. దాన్ని ఎవరూ తప్పనరు, నేనూ అనను. ఆమె బోర్లా పడింది. మావాళ్ళిద్దరు నడుము మీద పడ్డారు. అయినా ఆమె పాకుతోంది. అందరినీ లాక్కుని, మట్టిలో మోచేతులు దించుకుంటూ, కూత ఆపకుండా పాకుతోంది. ఆ మనిషిలో అంత బలం ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ క్షణంలో కూడా నాలో ఒక మూల ఆమెని చూసి మురిసిపోయింది. ఏం ఆడుతోంది ఇది! అనుకున్నాను. వేళ్ళు గీతకి జానెడు దూరంలో ఉన్నాయి. నేను వెనక్కి లాగుతున్నాను. చేతులు జారిపోతున్నాయి.

అప్పుడు కుళాయి దగ్గరి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అంటున్నాను గానీ అది సరికాదు. అది నాలో అప్పటిదాకా కాచుకుని కూర్చుని ఉంది. రెండు చేతులతో చీలమండని బిగించి పక్కకి తిప్పాను.

ఆమె అరవలేదు. కూత ఆగిపోయింది. అంతే. ఆ శ్రుతి మధ్యలో తెగిపోయింది. తర్వాత విజిల్. తర్వాత జనం హోరు. నన్నెవరో పైకెత్తారు. పైనుంచి చూస్తే ఎస్తేరు మట్టిలో పక్కకి తిరిగి, మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి ఉంది. గొంతు రావడం లేదు. రిఫరీ కూడా అనుమానపడలేదు. పడడానికి ఏముంది? అలాంటి పట్లలో కాళ్ళు తిరుగుతాయి. నా చేతులు ఏం చేశాయో మట్టికీ నాకూ తప్ప తెలియదు.

నాన్న దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన నన్ను అలా మెచ్చుకోవడం అంతకు ముందు లేదు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ ఇష్టం. అదే నాకు అన్నిటికన్నా సిగ్గు.

తర్వాత కాకినాడ పెద్దాసుపత్రికి మా టీమంతా చూడ్డానికి వెళ్ళాం. మోకాల్లో లిగమెంట్ తెగిందన్నారు. ఆపరేషన్ చేస్తారు, నడుస్తుంది, కానీ ఇక గెంతులు వద్దన్నారు. కాలికి కట్టుతో ఎస్తేరు మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే చెయ్యి చాచింది.

“ఏం పట్టావే బాబూ!” అంది. “నేనే కాలు తప్పుగా వేశాను. అటు వాలకుండా ఉండాల్సింది.”

ఆమెకి తెలియలేదు. పైన ముగ్గురు పడి ఉంటే ఎవరి చెయ్యి ఏం చేసిందో ఎలా తెలుస్తుంది? తెలిసినా నన్ను అనుమానించే మనిషి కాదు. అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. అంతలో వాళ్ళమ్మ ఫ్లాస్కులో టీ తెచ్చి నా చేతికిచ్చింది. “ఆడొద్దంటే ఇన్లేదమ్మా. తగ్గిపోయిందని నాతో అబద్ధమాడింది. నా మాట ఇనుంటే ఈ గతి వచ్చేదా?” అని కళ్ళు తుడుచుకుంది. ఎస్తేరు తల దించుకుంది. నేను టీ తాగాను. వేడిగా ఉంది. బాగుంది. తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానని చెప్పి వచ్చేశాను.

రైల్వే సెలెక్షన్‌కి ఆమె వెళ్ళలేదు. నేను వేరే సెలెక్షన్లకి వెళ్ళాను. ఆ ఫైనల్ సర్టిఫికెట్టు నాకు పనికొచ్చింది. ఈ ఉద్యోగం దాకా పనికొచ్చింది.

నేను నాకు చెప్పుకున్న సాకులు కూడా మీకు చెప్పాలి. ఆమె మాత్రం మోసం చెయ్యలేదా, మంచి కాలికి కేప్ వేసుకుని? ఎదుటివాళ్ళ బలహీనత కనిపెట్టి అక్కడ కొట్టడమే కదా ఆటంటే? అలసినవాళ్ళ వైపుకే కూతకి వెళ్తాం, భయపడేవాళ్ళనే తాకుతాం, పొట్టివాళ్ళ మీదుగానే దూకుతాం. కుంటుతున్న కాలు కళ్ళకి కనిపిస్తే పట్టకుండా ఉంటామా? ఏళ్ళ తరబడి ఈ వాదన నాలో నేను గెలుస్తూ వచ్చాను. గెలిచిన ప్రతిసారీ ఓడినట్టే ఉండేది. ఎందుకంటే ఆ కాలి సంగతి నేను కోర్టులో కనిపెట్టలేదు. ఆమె ఇచ్చింది. తడిగుడ్డ పిండి ఇస్తుంటే నమ్మి నా చేతిలో పెట్టింది. ఇంకొకటి, ఆమె కేప్ నన్ను దెబ్బ కాలి దగ్గరికి రాకుండా ఆపడానికి. నా చెయ్యి ఆమెని ఆపడానికి కాదు, విరవడానికి. ఆపడానికీ విరవడానికీ మధ్య తేడా ఎంత? నా మణికట్టు తిరిగినంత. వెనక్కే లాగి ఉంటే ఆగేదా? ఆగేది కాదేమో. ఓడిపోయేవాళ్ళం. ఓడిపోతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఈ ప్రశ్నకి ఇంత తేలికైన జవాబు ఉందని ఆ రోజు తెలియలేదు.

ఎస్తేరు గురించి వింటూ ఉండేదాన్ని. కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టి, కర్ర వదిలేసి, చదువు పూర్తి చేసి, సామర్లకోటలో టీచరయింది. తర్వాత రిఫరీ పరీక్ష రాసింది. ఆడలేని కాలితో మళ్ళీ ఆట దగ్గరికే వచ్చింది! నేనైతే కబడ్డీ పేరెత్తినా సహించేదాన్ని కాదు. ఆమె విజిల్ పట్టుకుని గీత వెంట కొంచెం కుంటుతూ నడుస్తుందని, ఆమె నిర్ణయం చెబితే రెండు వైపుల మాస్టార్లూ నోరెత్తరని, ఓడిన పిల్లలు కూడా మ్యాచ్ అయ్యాక వెళ్ళి ఆమెతో ఫొటోలు దిగుతారని అందరూ చెప్పుకునేవాళ్ళు. వింటుంటే నాకు గర్వంగా ఉండేది. నా స్నేహితురాలు అని చెప్పుకోవాలని నోటిదాకా వచ్చేది. ఆమె రిఫరీగా వస్తుందని తెలిసిన పోటీలకి మాత్రం ఏదో ఒక వంక పెట్టి ఇంకో టీచర్ని పంపేదాన్ని.

ఈ ఏడాది తప్పించుకోలేకపోయాను. పోటీలు భీమవరంలోనే జరిగాయి. మా స్కూలే సర్దుబాట్లు చూసింది. ఎస్తేరు బస్సు దిగి గేటులోంచి లోపలికి వచ్చింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నన్ను చూసి ఆగి, “ఒసేయ్, బతికే ఉన్నావా?” అని గట్టిగా వాటేసుకుంది. మా పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. వాళ్ళ మేడంని ఒసేయ్ అన్నవాళ్ళని వాళ్ళెప్పుడూ చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మాకు సెమీ ఫైనల్. భోజనాల ముందు మా టీమ్‌లో మూలన ఆడే లావణ్య అనే పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. చురుకైన పిల్ల, నేను చేతులు పట్టి నేర్పిన పిల్ల.

“మేడం, ఆళ్ళ కూతకొచ్చే అమ్మాయికి ఎడం భుజం బాలేదండి. బాత్రూమ్ దగ్గర కట్టు విప్పి ఏడుత్తుంటే చూశాను. చెయ్యి పైకి లేవట్లేదు. ఆ చెయ్యి పట్టుకుని లాగేస్తే అయిపోద్దండి!”

“వద్దు,” అన్నాను.

“ఎందుకండి? రూల్ ఒప్పుకుంటుంది కదండి?”

జవాబు నా దగ్గర ఉంది. చెప్పే యోగ్యత లేదు. నడుము పట్టండి, కాళ్ళు పట్టండి, ఆ చెయ్యి మాత్రం ముట్టుకోవద్దు, ఎవరైనా ముట్టుకుంటే బయట కూర్చోబెడతాను అని మాత్రం అన్నాను. ఆ పిల్ల మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆ పిల్ల కళ్ళల్లో కనిపించిన వెలుగు నాకు తెలుసు. అందులో చెడ్డతనం లేదు. గెలవాలనే ఆశ. నాలోనూ అదే ఉండేది.

నేను వెళ్ళేసరికి ఎస్తేరు ఖాళీ క్లాస్‌రూమ్‌లో బెంచీ మీద కూర్చుని టిఫిన్ బాక్స్ విప్పుతోంది. రా, తిను అంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

“ఎస్తేరూ, రాజమండ్రిలో... ఆ రోజు నువ్వు కాలు తప్పుగా వెయ్యలేదు. నేను తిప్పాను.”

ఆమె చేతిలో ముద్ద అలాగే ఆగింది.

“ఎటు?” అంది.

“పక్కకి.”

బయట పిల్లలు అరుస్తున్నారు. ముద్దని బాక్స్‌లో పెట్టేసింది.

“తెలిసేనా?”

“తెలిసే.”

“అమ్మ పోయేదాకా అంటానే ఉంది,” అంది ఎస్తేరు, మెల్లగా, నాతో కాదన్నట్టు. “నా మాట ఇనుంటే నీ కాలు బాగుండేది అని. నేను ఒక్కరోజు కూడా కాదన్లేదు. నిజమే అనుకున్నాను. అబద్ధమాడినందుకు దేవుడు వేసిన శిక్ష అనుకున్నాను. ఈ మాట ఆవిడ ఉండగా చెప్పుంటే బాగుండేది.”

అప్పుడు తెలిసింది నాకు. నేను మోస్తున్నది ఆ ఒక్క క్షణాన్ని అనుకున్నాను. నేను నోరు మూసుకున్న ఇన్నేళ్ళూ ఆమె నా తప్పుని తన తప్పుగా మోసింది. ఒక తల్లి కూతురిని నిందించుకుంటూ పోయింది. మోకాలు ఒక్క క్షణంలో పోయింది. ఇది మాత్రం రోజూ జరిగింది. నేను టీవీ చూస్తున్నప్పుడు, పిల్లలకి నీతులు చెబుతున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు జరుగుతూనే ఉంది.

క్షమించు అనే మాట గొంతులో ఉంది. అడగలేదు. అడిగితే ఆమె ఇచ్చేస్తుందేమోనని భయం వేసింది. అడిగిందల్లా ఇచ్చే మనిషి. మళ్ళీ ఆమె దగ్గర తీసుకోవడానికి చెయ్యి చాచడం నా వల్ల కాలేదు.

ఆమె లేచింది. బాక్స్ మూత పెట్టింది. చెయ్యి కడుక్కుని, విజిల్ మెడలో వేసుకుని, తలుపు దగ్గర ఆగింది.

“టైమైంది మేడం గారు. మీ పిల్లల్ని కోర్టు దగ్గరికి పంపండి.”

మేడం గారు. పంపండి. పొద్దున గేటు దగ్గర ఒసేయ్ అన్న మనిషి. ఆమె నన్ను చెంప మీద కొట్టినా ఇంత గట్టిగా తగిలేది కాదు. కానీ అది న్యాయం. నాకు అందాల్సింది అదే.

మ్యాచ్ ఆడించింది. నేను గీత పక్కన కూర్చుని ఆమెనే చూశాను. కొద్ది నిమిషాల ముందు ఆ మాట విన్న మనిషి, తన కాలు విరిచిన దాని టీమ్‌కి ఎదురుగా నిలబడి, ఒక్క పాయింటు కూడా అటూ ఇటూ పోనివ్వలేదు. లోపలి గీత దాటి కాలేసినందుకు మా వాళ్ళకి రావలసిన బోనస్‌ని అవతలివాళ్ళు కాదంటే, వంగి గీత చూపించి మాకే ఇచ్చింది. నేనైతే చెయ్యగలిగేదాన్నా? లేదు. మీకు అబద్ధం చెప్పను. లేదు.

చివర్లో ఆ భుజం నొప్పి అమ్మాయి కూతకొచ్చింది. ఎడమ చెయ్యి లావణ్య ముందు నుంచే వెళ్ళింది. అందుకోవచ్చు. లావణ్య చెయ్యి ముందుకి వెళ్ళి, వెనక్కి వచ్చి, నడుము మీద పడింది. పట్టు జారింది. ఆ అమ్మాయి గీత దాటేసింది. మేం ఓడిపోయాం. లావణ్య మట్టుకు నన్ను కోపంగా చూసి మొహం తిప్పుకుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు ప్రాక్టీసులో పిల్లలందరినీ కూర్చోబెట్టి రాజమండ్రి సంగతి చెప్పాను. పేరు చెప్పలేదు. లావణ్య, “ఆవిడ ఇప్పుడు నడుత్తున్నారాండి?” అని అడిగింది. నడుస్తోంది అన్నాను. ఆ పిల్ల తల ఊపి షూ లేసులు కట్టుకుంది. ఇప్పుడు నన్ను మునుపటిలా చూడదు. చూడాలని నేనూ అనుకోవడం లేదు.

సెమీ ఫైనల్ అయిన వెంటనే ఎస్తేరు చేసిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. స్కోరు షీటు మీద సంతకం పెట్టి, గెలిచిన టీమ్ దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కదిపి చూసింది. ఆ అమ్మాయి వద్దండి, బానే ఉందండి అంటూనే ఏడ్చేసింది. ఎస్తేరు వాళ్ళ కోచ్‌ని పిలిచి, ఈ పిల్ల ఫైనల్ ఆడకూడదు, ముందు డాక్టరుకి చూపించండి, ఆడిస్తే నేను విజిల్ పట్టుకోను అని చెప్పింది. గట్టిగా కాదు. కోచ్ ఎదురు చెప్పలేదు. తర్వాత ఆ అమ్మాయి పక్కనే మోకాలు చాపుకుని కూర్చుని, చెవిలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. వినే హక్కు లేదనిపించి దగ్గరికి వెళ్ళలేదు.

సాయంత్రం ఆమె నా పక్క నుంచే గేటు వైపు నడిచి వెళ్ళింది. చూడలేదు. నేను పిలవలేదు. ఇన్ని రోజులైనా ఫోన్ లేదు. రాదనే అనుకుంటున్నాను. రావాలని అనుకోవడం కూడా ఒక ఆశే కాబట్టి దాన్ని కూడా మానుకుంటున్నాను. నేను జీవితంలో చూసిన మనుషుల్లో ఆమె గొప్పది. తనని అలా చూడగలిగేంత దగ్గరికి నన్ను రానిచ్చింది. అలా రానిచ్చినందుకే నేను ఆమెని దెబ్బ తీయగలిగాను.

ఆటలో తగిలిన దెబ్బ అని ఇకమీదట ఎవరైనా అంటే మీరు నమ్మకండి. నేను తిప్పాను. తెలిసి తిప్పాను. ఇది నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి.